కలరా ఉండ తిన్న బాబు, నార్మల్ అని వచ్చిన రిపోర్టు

ఈ కేసు రాద్దామని చాలాసార్లు అనుకుని వాయిదా వేశాను, ఎందుకంటే ఇందులో రోగం కంటే నా తప్పే పెద్ద విషయం. రోగం సరిగ్గానే పట్టుకున్నాను, ట్రీట్‌మెంట్ కూడా సరిగ్గానే చేశాను, చివర్లో ఒక ల్యాబ్ కాగితాన్ని నమ్మి ఆ కుటుంబానికి తప్పు చెప్పాను. బాబు ఇప్పుడు బాగున్నాడు. తల్లిదండ్రులు సరే అన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నేను హనుమకొండలో పిల్లల డాక్టర్‌ని. మేడారం జాతర వారం రోజుల్లో ఉందనగా, ఒక బుధవారం మధ్యాహ్నం ఐదేళ్ల బాబును తెచ్చారు. ఊరు వర్ధన్నపేట వైపు, కానీ జాతరకని ముందుగానే తాడ్వాయి దగ్గరున్న అమ్మమ్మగారింటికి వెళ్లారు, అక్కడి నుంచే నేరుగా ఇక్కడికి వచ్చారు, వంద కిలోమీటర్లకు అటూ ఇటూ, రోడ్డంతా జాతర బండ్లు. తల్లి, అమ్మమ్మ, వెనక తండ్రి. బాబు అమ్మమ్మ ఒళ్లో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు.

"పసిరికలయినయి డాక్టరమ్మా, ఆకుమందు పోయించినం, అయినా ఒంటేలు నల్లగ వస్తున్నది" అంది అమ్మమ్మ.

మా దగ్గర పసిరికలు, అంటే పచ్చకామెర్లు, వస్తే ముందు ఆకుమందే, అది అయ్యాకే ఆస్పత్రి. దాని మీద గొడవ పెట్టుకోవడం మానేసి చాలా ఏళ్లయింది, గొడవ పెడితే తర్వాతిసారి ఆకుమందు సంగతి దాచేస్తారు తప్ప మానరు. బాబు కళ్లు పచ్చగా ఉన్నాయి నిజమే, కానీ నాకు పచ్చదనం కంటే పాలిపోవడం ఎక్కువ కనిపించింది. కింది రెప్ప లాగి చూస్తే సున్నం వేసిన గోడలా ఉంది. అరచేతి గీతల్లో కూడా ఎరుపు లేదు. గుండె నిమిషానికి 150 కొట్టుకుంటోంది, జ్వరం లేదు, కాలేయం పెద్దగా వాయలేదు, ప్లీహం చేతికి అంచు తగిలీ తగలనట్టు ఉంది. సీసాలో పట్టిన మూత్రం చూస్తే పాలు లేని డికాక్షన్.

సిస్టర్ వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే 88 చూపించింది. ప్రోబ్ మార్చింది, కాలి వేలికి పెట్టింది, మళ్లీ 88. ఆక్సిజన్ పెట్టాం. 89. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, దగ్గు లేదు, ఎగశ్వాస లేదు. ఆక్సిజన్ ఇచ్చినా కదలని ఈ 88 దగ్గరే నా మనసు హెపటైటిస్ నుంచి పక్కకు జరిగింది.

అప్పుడు చేసిన పని చాలా చిన్నది, ఏ ఊళ్లోనైనా చేయవచ్చు. తెల్ల ఫిల్టర్ పేపర్ మీద బాబు రక్తం ఒక చుక్క, పక్కన నా వేలు పొడుచుకుని నాది ఒక చుక్క. ఒక నిమిషం గాలికి వదిలేశాం. నాది మామూలుగా ఎర్రబడింది, బాబుది పాత చింతపండు రంగులోనే ఉండిపోయింది. మెట్‌హీమోగ్లోబిన్. హీమోగ్లోబిన్‌లో ఉన్న ఇనుము ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఆక్సిజన్‌ను మోయలేని రూపంలోకి మారిపోతే రక్తం ఇలా గోధుమ రంగులోకి తిరుగుతుంది, అలా ఎలక్ట్రాన్లు లాగేసేది ఏదో ఈ పిల్లాడి ఒంట్లోకి వెళ్లిందన్నమాట.

ఏం తిన్నాడు, ఏం మింగాడు, ఏ మందు వేశారు అని ముగ్గురినీ అడిగాను. ఏమీ లేదన్నారు. ఆకుమందులో ఏం కలిపాడో తెలియదు కాబట్టి ముందు అనుమానం దాని మీదికే పోయింది, అయితే మూత్రం నల్లబడింది ఆకుమందుకు ముందే అని తల్లి గట్టిగా చెప్పింది. గుండె వినడానికి వంగి దుప్పటి జరిపినప్పుడు ముక్కుకు ఘాటుగా వాసన తగిలింది. చిన్నప్పుడు మా ఇంట్లో ట్రంకుపెట్టె మూత తీస్తే వచ్చే వాసన. కలరా ఉండలు, మా వైపు కొందరు డాంబర్ గోలీలు అంటారు.

"ఈ దుప్పటి ఎక్కడిది?"

"పెట్టెలది. సుట్టాలు జాతరకు వస్తరని ఐతారం నాడు తీసిన."

ఇంకోసారి అడిగాను, పెట్టెలో ఉండలేమైనా బాబు చేతికి దొరికాయా అని. అమ్మమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత కొంగు ముడి విప్పింది. అందులో సగం అరిగిన తెల్ల ఉండ ఒకటి ఉంది. ఆదివారం సాయంత్రం పిప్పరమెంటు అనుకుని బాబు ఇలాంటిదే ఒకటి నోట్లో వేసుకున్నాడు, ఎంత కొరికాడో తెలియదు, కొంత ఊసేశాడు, విరుగుడని గ్లాసెడు పాలు తాగించారు. సోమవారం రెండుసార్లు వాంతి, తర్వాత మామూలుగానే ఆడుకున్నాడు కాబట్టి అందరూ మర్చిపోయారు. అమ్మమ్మ మాత్రం మర్చిపోలేదు, భయపడి కొంగున కట్టుకుని తిరుగుతోంది. పాలు తాగించడం గురించి ఒక మాట, కలరా ఉండల్లో ఎక్కువగా ఉండే నాఫ్తలీన్ కొవ్వులో కరుగుతుంది, పాలు, నెయ్యి, నూనె పడితే పేగుల్లోంచి ఇంకా బాగా ఒంటికి పడుతుంది, అంటే విరుగుడు అనుకున్నది తోడు అయింది. ఆ ముక్క అప్పుడు వాళ్లకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం.

ఉండ దొరికింది కదా అని సరిపెట్టుకోలేదు, ఎందుకంటే తెల్ల ఉండలన్నీ ఒకటి కావు. కర్పూరం ఉండలుంటాయి, పారాడైక్లోరోబెంజీన్ ఉండలుంటాయి, కర్పూరమైతే ముందు భయపడాల్సింది ఫిట్స్‌కి. క్యాంటీన్ నుంచి రెండు గ్లాసుల నీళ్లు, గుప్పెడు ఉప్పు తెప్పించాను. ఉండను ముందు మామూలు నీళ్లలో వేస్తే మునిగింది, అంటే కర్పూరం కాదు, కర్పూరం తేలుతుంది. రెండో గ్లాసులో ఇంక కరగను అని అడుగున పేరుకునేదాకా ఉప్పు కలిపి అందులో వేస్తే నెమ్మదిగా పైకి వచ్చి తేలింది. నాఫ్తలీన్ అలా ఉప్పునీళ్లలో తేలుతుంది, పారాడైక్లోరోబెంజీన్ రెండింట్లోనూ మునుగుతుంది. అమ్మమ్మ ఈ తతంగమంతా దిష్టి తీస్తున్నట్టు చూసింది.

దుప్పటి వెంటనే తీయించి, బాబుకు ఒళ్లు తుడిపించి, బట్టలు మార్పించాం. ఇది మరిచిపోతే మనం ఒకవైపు రక్తం ఎక్కిస్తుంటే ఇంకోవైపు ఆవిరి రూపంలో, చర్మం ద్వారా అదే విషం లోపలికి పోతూ ఉంటుంది.

రిపోర్టులు వచ్చాయి. హీమోగ్లోబిన్ 5.2. బిలిరుబిన్ 6.8, అందులో ఇన్‌డైరెక్ట్ 6.0, కాలేయం ఎంజైములు దాదాపు మామూలే. కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్ 1900. క్రియాటినిన్ 0.5, కిడ్నీలు అప్పటికి క్షేమం. మూత్రంలో పట్టీ పెడితే రక్తం మూడు ప్లస్సులు, మైక్రోస్కోపులో చూస్తే ఎర్ర కణం ఒక్కటీ లేదు, అంటే కణాలు రక్తనాళంలోనే పగిలి లోపలి హీమోగ్లోబిన్ మాత్రం మూత్రంలోకి దిగుతోంది. మలేరియా టెస్టు నెగెటివ్. మెట్‌హీమోగ్లోబిన్ కొలవడానికి శాంపిల్ బయటికి పంపితే 12 శాతం. రెటిక్యులోసైట్లు, అంటే అప్పుడే మజ్జ నుంచి వచ్చిన పసి ఎర్ర కణాలు, 3 శాతం. రక్తహీనత ఈ స్థాయిలో ఉన్నప్పుడు 3 తక్కువే, కానీ మజ్జ తేరుకుని కొత్త కణాలు బయటికి పంపడానికి ఐదారు రోజులు పడుతుంది, నాలుగో రోజే తొందరపడితే ఎలా.

స్లైడ్ మీద కణాలు చూడాలి. అంచున ఎలుక కొరికిన చపాతీల్లా ఉన్నాయి చాలా కణాలు, వాటిని బైట్ సెల్స్ అంటారు. మిథైల్ వయొలెట్ వేసిన ఇంకో స్లైడ్‌లో కణం లోపల గోడకు అంటుకుని ఊదా రంగు చుక్కలు కనిపించాయి, హైంజ్ బాడీలు. రాబర్ట్ హైంజ్ 1890లో వీటిని వర్ణించాడు. హీమోగ్లోబిన్ ప్రోటీనే పాడై గడ్డకట్టి అలా చుక్కయి కూర్చుంటుంది, ప్లీహం గుండా పోతున్నప్పుడు అక్కడి మాక్రోఫేజ్‌లు ఆ చుక్కను గోడ ముక్కతో సహా కొరికేస్తాయి, మిగిలినదే బైట్ సెల్.

డ్యూటీలో ఉన్న జూనియర్ పుస్తకం ప్రకారమే అడిగాడు, మెట్‌హీమోగ్లోబిన్ ఉంది కదా మేడం, మిథిలీన్ బ్లూ ఇద్దామా అని. నేను వద్దన్నాను, ఈ కేసులో పూర్తి మార్కులు వేసుకోదగ్గ నిర్ణయం ఇదొక్కటే. మిథిలీన్ బ్లూ పని చేయాలంటే కణంలో ఎన్ఏడీపీహెచ్ అనే పదార్థం ఉండాలి. ఎర్ర కణానికి మైటోకాండ్రియా లేవు, ఎన్ఏడీపీహెచ్ చేసుకునే దారి ఒక్కటే, ఆ దారికి మొదటి గేటు జి6పిడి అనే ఎంజైము. ఆ గేటు బలహీనంగా ఉన్న పిల్లాడికి మిథిలీన్ బ్లూ ఇస్తే మందు పని చేయకపోగా అదే ఇంకో ఆక్సిడెంట్, అంటే ఎలక్ట్రాన్లు లాగేసేది, అయి మిగిలిన కణాలను కూడా పగలగొడుతుంది. మగపిల్లాడు, ఇంత తీవ్రంగా రక్తం విరగడం (ఎర్ర కణాలు పగిలిపోవడం), హైంజ్ బాడీలు, ఇవన్నీ చూశాక జి6పిడి లోపం లేదని రుజువయ్యేదాకా ఉందనే అనుకోవాలి. 12 శాతం మెట్‌హీమోగ్లోబిన్ దానంతట అది తగ్గుతుంది, ఆక్సిజన్, సెలైన్, ఆ రాత్రే కిలోకు 10 ఎం.ఎల్. చొప్పున 160 ఎం.ఎల్. ప్యాక్డ్ సెల్స్. పొద్దుటికి హీమోగ్లోబిన్ 7.8, ఆక్సీమీటర్ 95. రెండు రోజుల్లో మూత్రం లేత చాయ్ రంగుకు, తర్వాత మామూలు రంగుకు వచ్చింది. అంతే, వార్డులో మిగతా రోజులు రాయడానికి ఏమీ లేదు, పిల్లాడు ఫోన్ కోసం ఏడవడం తప్ప.

ఇప్పుడు నా తప్పు. డిశ్చార్జికి ముందు, అంటే ఉండ తిన్న ఎనిమిదో రోజున, జి6పిడి పరీక్షకు రక్తం పంపాను. 6.7 యూనిట్లు అని వచ్చింది, ఆ ల్యాబ్ నార్మల్ 6.4 నుంచి మొదలు. కింద నార్మల్ అని అచ్చు. నాకు ఆశ్చర్యమేసింది, కానీ ఆశ్చర్యపడి ఊరుకున్నాను. నాఫ్తలీన్ మోతాదు ఎక్కువైతే జి6పిడి బాగున్న పిల్లల్లో కూడా రక్తం విరుగుతుంది, అది నిజమే, ఆ నిజం వెనక దాక్కుని డిశ్చార్జి కాగితంలో "జి6పిడి లోపం లేదు" అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను.

మూడు వారాల తర్వాత డాక్టర్ల మీటింగులో టీ తాగుతూ ఉప్పునీళ్ల గ్లాసు కథ గొప్పగా చెబుతుంటే, పక్కనున్న పాథాలజిస్టు స్నేహితురాలు రెండే ప్రశ్నలు వేసింది. శాంపిల్ తీసిన రోజు రెటిక్ (రెటిక్యులోసైట్లు) ఎంత? రక్తం ఎక్కించింది ఎప్పుడు? రెటిక్ 14 శాతం, రక్తం ఎక్కించి నాలుగు రోజులు. నేను చెప్పడం పూర్తి కాకముందే నాకే అర్థమైంది. టీ చల్లారిపోయింది.

మర్నాడు ఆమె ల్యాబ్‌కు వెళ్తే న్యూ మిథిలీన్ బ్లూ అనే రంగు వేసిన ఒక స్లైడ్ చూపించింది. మెడికల్ కాలేజీలో వంద సార్లు చూసినదే, కానీ ఈసారి వేరేగా కనిపించింది. ముదిరిన కణాలన్నీ ఖాళీగా, పళ్లెంలా ఉన్నాయి. వాటి మధ్య అక్కడక్కడ ఒక కణంలో నీలం దారం ముక్కలు చిక్కుపడినట్టు వల. ఆ వల ఏమిటో గుర్తుచేసుకోండి, అది రైబోజోముల ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ తయారుచేసే మగ్గాల చివరి ముక్కలు. మజ్జలో ఉండగానే కణం తన కేంద్రకాన్ని బయటికి తోసేస్తుంది, రక్తంలోకి వచ్చాక ఒకటి రెండు రోజుల్లో రైబోజోములు కూడా పోతాయి. తర్వాత దాదాపు 120 రోజులు ఆ కణం ఒక్క కొత్త ప్రోటీన్ కూడా నేయలేదు, బయల్దేరినప్పుడు మూట కట్టుకున్న ఎంజైములతోనే బతుకు వెళ్లదీయాలి.

జి6పిడి లోపం అనగానే మనలో చాలామంది, నాతో సహా, ఆ ఎంజైము తయారే కాదు అనుకుంటాం. ఎక్కువ రకాల్లో అలా కాదు. తయారవుతుంది, కానీ నిలవదు. 515 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో ఒకటి మారితే మడత వదులై ఎంజైము త్వరగా పాడవుతుంది. మామూలు ఎంజైము కణంలో సగానికి తగ్గడానికి సుమారు 62 రోజులు పడితే, ఆఫ్రికా మూలాల వాళ్లలో ఎక్కువగా కనిపించే ఏ-మైనస్ రకంలో 13 రోజులే, మెడిటరేనియన్ రకంలో గంటల్లోనే. మన దేశంలో మెడిటరేనియన్, కేరళ-కల్యాణ్, ఒరిస్సా రకాలు ఎక్కువ, ఒరిస్సా రకం ముఖ్యంగా ఆదివాసీ సమాజాల్లో కనిపించింది, దాంట్లో 44వ స్థానంలో అలనిన్ బదులు గ్లైసిన్ ఉంటుంది. అందుకే బాబు పసి కణాల్లో ఎంజైము ఇంకా కాస్త ఉంది, ముసలి కణాల్లో నిల్వ అయిపోయింది. నాఫ్తలీన్ కాలేయంలో నాఫ్తాల్‌గా, నాఫ్తోక్వినోన్లుగా మారి రక్తంలోకి వచ్చినప్పుడు కణాన్ని ఆక్సీకరణ నుంచి కాపాడే గ్లూటాథయోన్‌ను తిరిగి బాగుచేసుకోలేక పగిలిపోయినవి ముసలి కణాలే. ఎనిమిదో రోజున నేను సిరంజిలోకి తీసినది చచ్చినవాళ్లు పోగా మిగిలిన గట్టి వాళ్ల రక్తం, దానికి తోడు ఎవరో దాత ఇచ్చిన మామూలు కణాలు, లెక్క వేస్తే ఒంట్లోని హీమోగ్లోబిన్‌లో మూడో వంతు దాకా దాతదే. అందులో జి6పిడి కొలిచి నార్మల్ అన్నాను. నిజానికి రెటిక్ 14 శాతం ఉన్న రక్తంలో జి6పిడి మామూలు కంటే బాగా ఎక్కువ రావాలి. అంచున ఆనుకుని 6.7 రావడమే అనుమానించాల్సిన సంగతి.

ఇది ఎవరికీ కొత్త విషయం కాదు, అదే ఇంకా సిగ్గుచేటు. 1950ల్లో ఇల్లినాయిలోని స్టేట్‌విల్ జైలు ఖైదీలకు షికాగో విశ్వవిద్యాలయం బృందం మలేరియా మందు ప్రైమాక్విన్ ఇచ్చి చూసింది, ఖైదీల మీద అలాంటి ప్రయోగాలు ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు, అది వేరే చర్చ. కొందరికి రక్తం విరిగింది, కానీ మందు ఆపకుండా రోజూ ఇస్తున్నా కొన్నాళ్లకు విరగడం ఆగి హీమోగ్లోబిన్ మళ్లీ పెరిగింది. రేడియోధార్మిక క్రోమియంతో గుర్తు పెట్టి చూస్తే పోయినవి ముసలి కణాలు, తట్టుకున్నవి పసి కణాలు అని తేలింది. ఆ లోపం జి6పిడిదని 1956లో బయటపడింది. నేను పుట్టకముందు తేలిన విషయాన్ని నేను టీ తాగుతూ నేర్చుకున్నాను.

తల్లి తర్వాత అడిగిన ఒక ప్రశ్న నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. "ఒంట్ల అన్నిట్ల ఇదే లోపం ఉంటదంటిరి గద మేడం, మరి కాలేయం, మెదడు మంచిగనే ఎట్లున్నయి?" నిజమే, ఆ విషం తయారైందే కాలేయంలో, అయినా కాలేయానికి పెద్దగా ఏమీ కాలేదు. తేడా మగ్గం దగ్గరే ఉంది. కాలేయ కణానికి కేంద్రకం ఉంది, రైబోజోములున్నాయి, ఎంజైము పాడైతే ఇంకోటి నేసుకుంటుంది. పైగా ఇలా ఎలక్ట్రాన్లు లాగేసే దాడి, అంటే ఆక్సిడేటివ్ స్ట్రెస్, వచ్చిందని దానికి తెలుస్తుంది కూడా. కీప్1 అనే ప్రోటీన్ మీద ఉన్న సిస్టీన్లు ఆక్సీకరణకు మారగానే అది పట్టి ఉంచిన ఎన్ఆర్ఎఫ్2 విడుదలై కేంద్రకంలోకి వెళ్లి గ్లూటాథయోన్ తయారీకి కావలసిన జన్యువులను లేపుతుంది, వాటిలో జి6పిడి జన్యువు కూడా ఒకటి. మంట అంటుకున్న ఇంట్లోనే ఫైరింజన్ తయారైనట్టు. ఎర్ర కణానికి ఆ అవకాశం లేదు, దానికి ఆ వార్త చేరినా అందుకునే కేంద్రకం లేదు.

ఇక్కడ చాలామంది పొరపడే ఇంకో విషయం ఉంది. స్ట్రెస్ వస్తే కణం ప్రోటీన్ తయారీ పెంచుతుంది అనుకుంటారు. మొత్తం మీద చూస్తే తగ్గిస్తుంది, కొన్నింటిని మాత్రమే పెంచుతుంది. రైబోజోము పని మొదలుపెట్టాలంటే ఈఐఎఫ్2 అనే ప్రోటీన్ మొదటి అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చి పెట్టాలి. కణం కష్టంలో ఉన్నప్పుడు ఈఐఎఫ్2 ఆల్ఫా భాగంలో 51వ స్థానంలో ఉన్న సెరిన్ మీద ఒక ఫాస్ఫేట్ పడుతుంది, దాంతో దాన్ని తిరిగి ఛార్జి చేసే ఈఐఎఫ్2బి ఇరుక్కుపోయి ఉత్పత్తి అంతా మందగిస్తుంది. ఆ ఫాస్ఫేట్ పెట్టే ఎంజైములు మన కణాల్లో నాలుగున్నాయి, ఎర్ర కణాల తల్లి కణాల్లో పెత్తనం హెచ్ఆర్ఐది. హీమ్ చాలకపోయినా, ఆక్సిడేటివ్ స్ట్రెస్ వచ్చినా అది మేల్కొని గ్లోబిన్ తయారీ ఆపేస్తుంది. కుందేలు రెటిక్యులోసైట్లను పగలగొట్టి తీసిన రసంలో హీమ్ లేకపోతే నిమిషాల్లో ప్రోటీన్ తయారీ పడిపోవడం గమనించే ఈ ఎంజైము కథ బయటికి లాగారు, ఆ రసాన్ని ఇప్పటికీ ల్యాబుల్లో పరీక్షనాళికలో ప్రోటీన్ చేయడానికి వాడతారు.

ఎందుకు ఆపాలి? హీమ్ లేని గ్లోబిన్ కుదురుగా ఉండదు, అడుగున గడ్డకడుతుంది. ఎంఐటీలో జేన్-జేన్ చెన్ బృందం హెచ్ఆర్ఐ లేని ఎలుకలకు ఐరన్ తగ్గిస్తే ఎర్ర కణాల్లో గ్లోబిన్ ముద్దలు పేరుకున్నాయని 2001లో చూపించింది. బాబు స్లైడ్‌లో చూసిన ఊదా చుక్కలకు దూరపు చుట్టాలు అవి. అందరికీ బ్రేకు వేస్తూనే ఏటీఎఫ్4 అనే ఒక సందేశాన్ని మాత్రం రైబోజోములు అప్పుడే ఎక్కువగా చదువుతాయి, దాని ఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉన్న చిన్న అడ్డుపుల్లల అమరిక అలాంటిది, ఆ ఏటీఎఫ్4 ఆక్సీకరణను తట్టుకునే జన్యువులను నడిపిస్తుంది. మజ్జలో ఉన్న తల్లి కణానికి ఇంత తెలివైన ఏర్పాటు ఉంది. అదే కణం పెద్దదై ఊరి మీదికి వచ్చాక బ్రేకూ లేదు, ఇంజనూ లేదు.

సరే, మళ్లీ కేసుకు వస్తాను. మీటింగు అయిన రాత్రే తండ్రికి ఫోన్ చేశాను.

"నార్మల్ అన్నరు గద మేడం. కాయితం లామినేషన్ గూడ చేయించిన" అన్నాడు.

లామినేషన్. నా తప్పుకు ప్లాస్టిక్ తొడుగు వేయించి బీరువాలో దాచారు. ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆస్పత్రికి పోయేటప్పుడు ఇలాంటి కాగితాలు పట్టుకుపోతారు, అది చూసి ఏ డాక్టరైనా బాబుకు ధైర్యంగా ప్రైమాక్విన్ రాసేయవచ్చు. తప్పు జరిగింది, ఆ కాగితం నమ్మవద్దు, పరీక్ష మళ్లీ చేయాలి, అప్పటిదాకా లోపం ఉన్నట్టే లెక్క అని చెప్పాను. ఆయన కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది అనిపించింది. వాళ్లు వచ్చినప్పుడు కొత్త కాగితం ఇచ్చి పాతదాన్ని నా ముందే కత్తెరతో కత్తిరించాం, లామినేషన్ కదా, చేత్తో చిరగలేదు.

మామూలుగా మూడు నెలలాగి పరీక్ష చేయమంటారు. బాబుకు దాత రక్తం కూడా ఎక్కింది కాబట్టి ఆ కణాల ఆయుష్షు కూడా తీరాలని నాలుగు నెలలు దాటాక చేశాం. రెటిక్ 1.2 శాతం, హీమోగ్లోబిన్ 11.6, జి6పిడి 1.4. ఏ రకమో తేల్చే జన్యు పరీక్ష చేయించలేదు, తేలినా నేను చెప్పే జాగ్రత్తలు మారవు, వాళ్ల డబ్బులు మాత్రం ఖర్చవుతాయి.

జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి అది తల్లి వైపు నుంచి వచ్చింది. ఆ మాట చెప్పగానే అమ్మమ్మ తన కొడుకు సంగతి ఎత్తింది. బాబు మేనమామకు పదేళ్ల కింద ఏటూరునాగారం వైపు అడవి పనులకు పోయినప్పుడు మలేరియా వచ్చిందట, పద్నాలుగు రోజుల గోలీలు ఇస్తే మూడో రోజుకు ఒంటేలు నల్లబడి, కళ్లు పచ్చబడి, పసిరికలే అనుకుని గోలీలు మానేసి ఆకుమందు తాగాడట. తగ్గింది. ఆకుమందుతో తగ్గిందనే ఇప్పటికీ వాళ్ల నమ్మకం. గోలీ ఆపడంతో తగ్గిందని నేను అన్నాను. అమ్మమ్మ ఒప్పుకున్నట్టు తల ఊపింది, ఒప్పుకోలేదని నాకు తెలుసు. మేనమామను కూడా పిలిపించి పరీక్ష చేస్తే 1.1. వైవాక్స్ మలేరియాకు మామూలుగా కిలోకు 0.25 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్ వీళ్లకు పనికిరాదు, కిలోకు 0.75 చొప్పున వారానికి ఒకసారి, ఎనిమిది వారాలు, రక్తం చూసుకుంటూ ఇచ్చే పద్ధతి ఉంది, అది కూడా డాక్టర్ కళ్ల ముందే. ఇద్దరి కార్డుల మీదా ఎర్ర ఇంకుతో రాశాను, డాప్సోన్, నైట్రోఫురాంటాయిన్, మిథిలీన్ బ్లూ, రాస్బురికేస్ కూడా కలిపి.

వాళ్లు ఇంటర్నెట్‌లో చూసి చిక్కుడుకాయ మానేశారు. అవసరం లేదని చెప్పాను, ప్రమాదం ఫావా బీన్స్ అనే వేరే మొక్కది, మన చిక్కుడు అది కాదు. మైదాకు సంగతి మాత్రం వాళ్లకు తెలియదు. గోరింట ఆకులో ఎర్రరంగు ఇచ్చే లాసోన్ కూడా నాఫ్తోక్వినోన్ జాతిదే, జి6పిడి లోపమున్న పసిపిల్లలకు ఒళ్లంతా పూస్తే రక్తం విరిగిన కేసులున్నాయి. ఇంట్లో ఇంకెవరికైనా కొడుకు పుడితే పురుటి స్నానాల్లో, ఫంక్షన్లలో అరికాళ్లకు మైదాకు పెట్టవద్దని గట్టిగా చెప్పాను. ఇంకోటి, అమ్మమ్మ సరదాకి "పెద్దగైనంక మామ బిడ్డనే చేసుకుంటడు" అంటుంటే నవ్వి ఊరుకోలేకపోయాను. మేనమామ కూతుళ్లందరికీ ఈ జన్యువు ఒక కాపీ తప్పకుండా ఉంటుంది, బాబుకు కూడా ఉంది, అలా మేనరికం కలిస్తే పుట్టే ఆడపిల్లల్లో కూడా సగం మందికి పూర్తి లోపం రావచ్చు. ఇంకా ఇరవై ఏళ్ల మాట, కానీ కార్డు వెనక అదీ రాసి పెట్టాను.

ఆ తర్వాత నా దగ్గర మారినది ఒకటే. జి6పిడి పరీక్ష ఫారం మీద పేరు, వయసు పక్కన రెటిక్ ఎంత, రక్తం ఎక్కిన తేదీ ఏది అని చేత్తో రాయకుండా శాంపిల్ కదలనివ్వను. సిస్టర్లు విసుక్కుంటారు.

పోయిన నెల అమ్మమ్మ ఫోన్ చేసింది. పెట్టెలో డాంబర్ గోలీలన్నీ పారేసిందట.

"కర్పూరం పెట్టుకుంటె ఏం గాదు గద డాక్టరమ్మా?"

"వద్దమ్మా, అది కూడా వద్దు. ఎండిన వేపాకు పెట్టు."

"పట్టుచీరలకు వేపాకు వాసనొస్తది గద" అంది.